పాటకా? పక్కింటి దేశానికా? యూరోవిజన్ ఓట్లలో బయటపడే యూరప్ దోస్తీలు, పగలు

యూరప్‌లో ఎవరంటే ఎవరికి ఇష్టం? ఎవరంటే ఎవరికి పడదు? సమ్మిట్‌లు, జాయింట్ స్టేట్‌మెంట్లు చూడక్కర్లేదు, మే నెలలో జరిగే యూరోవిజన్ పాటల పోటీలో పాయింట్లు చూస్తే చాలంటారు. నిజమేనా? సగం నిజం.

1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన పోటీ ఇది. ప్రతి దేశం నచ్చిన పాటలకు 1 నుంచి 8 వరకు, ఆపైన 10, 12 పాయింట్లు ఇస్తుంది. ఫైనల్లో ఒక సెట్ జ్యూరీది, ఇంకో సెట్ జనం ఓటుది. సొంత దేశానికి మాత్రం ఓటు వేయకూడదు. అసలు కథంతా ఈ రూల్ దగ్గరే ఉంది.

జర్మనీలో టర్కీ మూలాలున్న వాళ్లు లక్షల్లో ఉన్నారు. టర్కీ పోటీలో ఉన్నన్నాళ్లూ జర్మనీ నుంచి పాయింట్లు బాగా పడేవి. అంటే బెర్లిన్‌కి అంకారా మీద ప్రేమ పొంగిందా? కాదు. అక్కడ సెటిలైన వాళ్లు ఫోన్లు తీశారు, అంతే. బిగ్‌బాస్‌లో మన ఊరి కుర్రాడికి ఓట్లు గుద్దినట్టే. గ్రీస్, సైప్రస్ ఒకరికొకరు 12 ఇచ్చుకోవడమైతే పాత జోక్ అయిపోయింది. భాష ఒకటే, వినే పాటలూ దాదాపు అవే. మరి వేరేవాళ్లకి ఎందుకిస్తారు?

కానీ అదే సైప్రస్ ఒకసారి అందరికీ షాకిచ్చింది. 1974లో టర్కీ సైన్యం ఆ ద్వీపంలో ఉత్తర భాగాన్ని ఆక్రమించింది. మర్నాడు ఏడాది టర్కీ తొలిసారి యూరోవిజన్‌కి వస్తే గ్రీస్ రాలేదు. 1976లో గ్రీస్ వచ్చింది, టర్కీ లేదు. పగ అలా ఏళ్ల తరబడి నడిచింది. 2003 ఏప్రిల్‌లో సైప్రస్‌ను రెండుగా చీల్చిన గ్రీన్ లైన్ దగ్గర రాకపోకలు మొదలయ్యాయి. సరిగ్గా నెల తిరిగేసరికి రీగాలో ఫైనల్. సైప్రస్ నుంచి టర్కీకి 8 పాయింట్లు! ఆ రాత్రి టర్కీ 167 పాయింట్లతో గెలిచింది. రెండో స్థానంలో ఉన్న బెల్జియానికి 165. లెక్క మీరే వేసుకోండి. ద్వీపం మాత్రం ఇప్పటికీ రెండు ముక్కలుగానే ఉంది.

అన్ని ఓట్లూ ఇంత సరదాగా ముగియవు. 2009లో అజర్‌బైజాన్ నుంచి ఆర్మేనియా పాటకు పడ్డ ఓట్లు 43. కేవలం 43. నాగోర్నో కరబాఖ్ యుద్ధంతో బద్ధ శత్రువులైన దేశాలవి. అలా ఓటేసిన ఒకాయన్ని జాతీయ భద్రతా శాఖ అధికారులు పిలిపించి, శత్రువుకి ఎందుకు ఓటేశావని ప్రశ్నించారు. పాట నచ్చి ఎస్ఎంఎస్ పంపితే విచారణ! ఆ తర్వాతే ఓటర్ల వివరాలు బయటపెట్టకూడదని నిర్వాహకులు రూల్ గట్టిగా బిగించారు. 2012లో బాకులో పోటీ పెడితే ఆర్మేనియా వెళ్లలేదు.

ఇక బ్రిటన్ సంగతి. 2003లో సున్నా. ఇరాక్ యుద్ధానికి శిక్ష అని కొందరన్నారు, పాట శ్రుతి తప్పిందని ఇంకొందరు. వింటే రెండోదే కరెక్ట్ అనిపిస్తుంది. 2021లో మళ్లీ సున్నా. బ్రెగ్జిట్ కోపమని అంతా అన్నారు. ఏడాది తిరగ్గానే శామ్ రైడర్ 466 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచాడు. బ్రెగ్జిట్ అప్పటికేమైనా రద్దయిందా? లేదు. మంచి పాట వచ్చింది. 2024, 2025లో జనం ఓటులో తిరిగి సున్నా సున్నా.

2022లో గెలిచింది ఉక్రెయిన్. మొత్తం 631 పాయింట్లలో 439 జనం ఓటు నుంచే వచ్చాయి. ఇందులో పాట ఎంత, రష్యా దాడి తర్వాత వచ్చిన సానుభూతి ఎంత అన్నది విడదీయడం కష్టం.

ఇప్పుడు గొడవంతా ఇజ్రాయెల్ చుట్టూ. అది యూరప్ దేశమే కాదు కదా అంటారా? బ్రాడ్‌కాస్టర్ల యూనియన్‌లో సభ్యత్వం ఉంటే చాలు. 2025లో జ్యూరీలు ఇజ్రాయెల్‌కు 60 పాయింట్లిస్తే, జనం 297 ఇచ్చారు. జనం ఓటులో అదే టాప్. ప్రభుత్వ ప్రచారం పనిచేసిందని కొన్ని దేశాల బ్రాడ్‌కాస్టర్లు లెక్కలు అడిగాయి. దాంతో ఒక్కొక్కరు వేయగలిగే ఓట్లను 20 నుంచి 10కి తగ్గించారు. గాజా యుద్ధంపై నిరసన మాత్రం చల్లారలేదు. 2026 వియన్నా పోటీలో ఇజ్రాయెల్‌కు చోటు ఖాయం కాగానే స్పెయిన్, నెదర్లాండ్స్, ఐర్లాండ్, స్లోవేనియా, ఐస్‌లాండ్ తాము రాబోమని ప్రకటించాయి. వీటిలో ఐర్లాండ్ ఏడుసార్లు కప్పు కొట్టిన దేశం. స్పెయిన్ ఈ పోటీకి ఎక్కువ డబ్బు పెట్టే ఐదు పెద్ద దేశాల్లో ఒకటి. అక్కడి ప్రభుత్వ చానల్ పోటీని కనీసం ప్రసారం కూడా చేయబోమని తేల్చేసింది.