చివరి అంకె

క్రిందటి వారం మా కాలేజీలో బి.ఏ. చదివే ఒక అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చింది. స్కాలర్‌షిప్పుకి కంప్యూటర్లో దరఖాస్తు పెట్టిందట. తెరమీద వచ్చిన 17 అంకెల నంబరును నోటుపుస్తకంలో ఎక్కించుకుందట. తీరా పదిరోజులు పోయాక ఆ నంబరు కొట్టి చూస్తే, అలాంటి దరఖాస్తే లేదని వచ్చింది. ఆఫీసులో అడిగితే, "నువ్వే తప్పు రాసుకుని వుంటావు, పో" అన్నారట.

"సరిగ్గానే రాసుకున్నాను మాస్టారూ!" అంది.

నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. ఇరవయ్యేళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్నవాణ్ణి కదా!

ఆ సాయంత్రం మా మేనల్లుడు వచ్చాడు. హైదరాబాదులో జావాలో వెబ్ సర్వీసులు రాయడం వాడి ఉద్యోగం. నంబరు చూసి, "మామయ్యా, చివరి 8 తీసి 7 వెయ్యి" అన్నాడు. వేశాను. లేదంది. "పోనీ, 9 వెయ్యి."

దరఖాస్తు ప్రత్యక్షం!

"నీకు జ్యోతిషం ఎప్పుడబ్బిందిరా?" అన్నాను.

"జ్యోతిషం కాదు మామయ్యా, జేసన్!" అని నవ్వి, ఇలా చెప్పాడు:

"అవతల సర్వర్లో జావా వుంది. ఇవతల బ్రౌజర్లో జావాస్క్రిప్టు వుంది. అన్నదమ్ములనుకునేవు, ఆ చుట్టరికం పేరులోనే. జావా ఆబ్జెక్టు జావాస్క్రిప్టుకి అర్థం కాదు. అందుకని దాన్ని జేసన్ అనే సాదా రాతలోకి మార్చి పంపుతారు. ఆ మార్పిడికి జాక్సన్ వంటి సాధనాలున్నాయి. జేసన్‌లో మాటకి కొటేషన్ గుర్తులుంటాయి, సంఖ్యకి వుండవు. జావాలో 'లాంగ్' అనే రకంలో 18 అంకెల సంఖ్య ఏదైనా నిక్షేపంగా పడుతుంది. జేసన్ కూడా అన్ని అంకెలూ మోసుకొచ్చింది. జావాస్క్రిప్టు మామూలు సంఖ్య మాత్రం 9007199254740991 దాకానే నమ్మదగింది. అది దాటితే, దగ్గరలో తనకు పట్టే సంఖ్య వేసుకుని ఊరుకుంటుంది. చివర 3 వున్న 9007199254740993 పంపావనుకో, చివర 2 చూపిస్తుంది. పొరపాటని ఒక్కముక్క చెప్పదు!"

"మరి మందో?"

"ఆ నంబరును కొటేషన్లలో పెట్టి మాటగా పంపడమే. జావాలో ఆ ఒక్క అంశం మీద గుర్తు పెడితే చాలు, మిగతా పని జాక్సనే చూసుకుంటుంది."

నాలోని తెలుగు మేష్టరు ఊరుకున్నాడు కాదు. దరఖాస్తు నంబరును ఎవరైనా కూడతారా, తీసివేస్తారా? అది మనిషికి పేరులాంటిది. సంఖ్య కాదురా, సంజ్ఞ! హైదరాబాదు ఎస్.టి.డి. కోడు 040 సంగతీ అంతే. సంఖ్యగా దాచితే ముందున్న సున్న ఎగిరిపోతుంది. కూడికకు పనికిరాని నంబరును మాటగా దాచాలని వ్యాకరణం వచ్చినవాడెవడైనా చెబుతాడు.

"నువ్వు మా ఆఫీసులో వుండవలసింది మామయ్యా!" అన్నాడు వాడు.

మర్నాడు ఆ అమ్మాయికి సంగతి చెప్పాను. గడువు ఇంకా నాలుగు రోజులుంది. మొహం వికసించింది. నోటుపుస్తకం తీసి చూపించింది. అంకెలు ముత్యాల్లా వున్నాయి. తెరమీద కనిపించినట్లే, పొల్లుపోకుండా రాసుకుంది.

నిన్న ఆ పుస్తకం చూపించమని నేను అడగనైనా లేదు. జావాస్క్రిప్టు పోగొట్టింది ఒక్క అంకె. నేను కొట్టిపారేసింది ఆ పిల్ల మాటనే.