అరుంధతి కనిపించిందా?

మన వివాహాలలో అరుంధతీ దర్శనం ఒక తంతు. పురోహితుడు నూతన దంపతులను పందిరి వెలుపలికి తీసుకువచ్చి, ఆకాశం వైపు చేయి చూపి, అరుంధతిని చూడమంటాడు. ముహూర్తం పగటివేళదైనా ఈ తంతు తప్పదు. సూర్యుడు నడినెత్తిన మండుతూ ఉండగా నక్షత్రం ఎట్లా కనిపిస్తుంది? అయినా, "కనిపించిందా?" అని అడిగితే వధూవరులు తల ఊపుతారు. పెద్దలు నవ్వుకుంటారు.

పెళ్లిపందిట్లో ఇది వేడుకే. ఎవరికీ నష్టం లేదు. కాని తరగతి గదిలో కూడా ఇదే జరుగుతూ ఉంటే? గురుగ్రహానికి ఉపగ్రహాలున్నవని ఉపాధ్యాయుడు చెబుతాడు. విద్యార్థి తల ఊపుతాడు. శనికి వలయాలున్నవని చెబుతాడు. మళ్లీ తల ఊపుతాడు. పరీక్షలో అదే వ్రాసి మార్కులు తెచ్చుకుంటాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అతడెరుగును. మృగశిర ప్రవేశిస్తే వాన వస్తుందనీ ఎరుగును. తన జన్మనక్షత్రం ఏదో కూడా చెప్పగలడు. కాని రోహిణి ఎక్కడున్నదో చూపమంటే దిక్కులు చూస్తాడు. చూడనిదానికి తల ఊపటం ఒకసారి అలవాటైతే, అది ఖగోళశాస్త్రంతోనే ఆగదు. అందువల్లనే రాత్రివేళ విద్యార్థిని ఆకాశం క్రింద నిలబెట్టటం అవసరమని మేము అంటున్నాము.

పరికరాలు లేనిదే ఇది ఎట్లా సాధ్యమని ఉపాధ్యాయులు అడగవచ్చు. మొదటి పరికరం ప్రతివారి ముఖంలోనే ఉన్నది. దీపకాంతినుండి చీకటిలోకి వచ్చిన కంటికి ఇరవై ముప్పై నిమిషాలు వ్యవధి ఇస్తే, అప్పుడు అది తన పూర్తి శక్తిని చూపుతుంది. ఆ వ్యవధిలో సెల్‌ఫోను వెలిగిస్తే పడిన శ్రమ వృథా. పటం చూసుకోవటానికి టార్చిలైటుకు ఎర్రకాగితం చుట్టుకుంటే చాలు.

వైశాఖమాసంలో, పొద్దుగూకిన రెండు గంటలకు, ఉత్తరాకాశంలో సప్తర్షి మండలం ఎత్తుగా నిలిచి ఉంటుంది. దాని తోకలో చివరినుండి రెండవ తార వసిష్ఠుడు. అతని ప్రక్కనే, పట్టి చూస్తేగాని తెలియని చిన్న చుక్క అరుంధతి. పల్లెలో, చీకటిరాత్రి, మంచి చూపు గలవారికి ఏ సాధనమూ అక్కరలేదు. పట్టణపు దీపాల వెలుగులో ఆ చుక్క మరుగునపడితే బైనాక్యులర్ చూపుతుంది. 60 మిల్లీమీటర్ల కటకం గల చిన్న దూరదర్శినితో చూస్తే మరొక వింత: వసిష్ఠుడే రెండు తారలుగా విడిపోతాడు! కన్ను, బైనాక్యులర్, దూరదర్శిని—ఈ మూడు మెట్లూ ఎక్కటానికి ఆకాశంలో ఈ ఒక్క చోటు చాలును.

కొనదలచిన వారికి రెండు మాటలు. బైనాక్యులర్ మీద 7x50 అని వ్రాసి ఉంటే, అది వస్తువును ఏడింతలు చేసి చూపుతుందనీ, దాని ముందు కటకం వెడల్పు 50 మిల్లీమీటర్లనీ అర్థం. ఖగోళ పరిశీలనకు ఇది ఎంతో అనువైనది. ఇక దూరదర్శిని. పెట్టెమీద ఐదువందల రెట్లు చూపుతుందని పెద్ద అక్షరాలతో అచ్చువేసినదానిని నమ్మరాదు. దూరదర్శిని విలువ ముందుగా దాని వెడల్పులో ఉన్నది. కటకమో దర్పణమో ఎంత వెడల్పయితే అంత వెలుగును ప్రోగుచేస్తుంది. మిల్లీమీటరుకు రెండు రెట్లకు మించి పెద్దదిచేస్తే బొమ్మ పెరుగుతుందిగాని వివరం పెరగదు. అంటే 60 మిల్లీమీటర్ల దూరదర్శినికి నూట ఇరవై రెట్లే హద్దు. గాలికి వణకని ముక్కాలిపీట కూడా కటకమంత ముఖ్యమే. మరొక హెచ్చరిక: ఏ సాధనంతోనూ సూర్యునివైపు చూడరాదు. కన్ను క్షణంలో పోతుంది, తిరిగి రాదు.

అయితే సాధనం ఉన్నంత మాత్రాన పరిశీలన జరుగుతుందా? బీరువాలో తాళం వేసి ఉంచిన దూరదర్శిని కంటె ఆరుబయట వేసిన నులకమంచం మేలు. ఇందుకు రాధాగోవింద చంద్ర జీవితమే నిదర్శనం. ఆయన అవిభక్త బెంగాల్‌లోని జెస్సోర్‌లో ఖజానా ఉద్యోగి. ప్రవేశపరీక్షలో మూడుసార్లు తప్పినవాడు. 1910లో హేలీ తోకచుక్కను బైనాక్యులర్‌తో చూసి, తర్వాత మూడంగుళాల దూరదర్శిని సంపాదించుకున్నాడు. కాంతి హెచ్చుతగ్గులయ్యే తారలను రాత్రి తర్వాత రాత్రి చూసి, పొరుగుతారలతో పోల్చి లెక్కలు వ్రాసిపెట్టాడు. 1954 వరకు 37 వేలకు పైగా పరిశీలనలను అమెరికాలోని పరిశీలకుల సంఘానికి పంపించాడు. ఆయన కృషిని మెచ్చి ఆ సంఘం ఒక ఆరంగుళాల దూరదర్శినిని ఎరువిచ్చింది. అది తరువాత వైను బప్పు చేతికి వచ్చింది. హైదరాబాదులోని నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగి కాగా, ఆ నగరంలోనే పెరిగి, విద్యార్థి దశలోనే అటువంటి తారలను పరిశీలించి, పిమ్మట దేశంలో అగ్రగణ్యుడైన ఖగోళజ్ఞుడైనవాడు ఈ బప్పు.

చంద్ర పనిలో పాటించవలసిన నియమం ఒక్కటే: కంటికి కనిపించినదే వ్రాయవలె, కనిపించవలసినది కాదు. నిన్నటి లెక్క ఇంత గనుక నేడు ఇంత ఉండవలెనని ఊహించి వ్రాసిన అంకె శాస్త్రానికి పనికిరాదు. మబ్బు పట్టితే మబ్బు పట్టినదనే వ్రాయవలె. సత్యం చెప్పుమని వెయ్యిసార్లు బోధించటం కంటె, ఈ నియమంతో ఒక మాసం పుస్తకం నింపించటం మంచి నీతిపాఠం.

ఇప్పటికీ కొత్తగా చూడటానికి ఏమి మిగిలి ఉన్నదని విద్యార్థి సందేహించనక్కరలేదు. ఆర్ద్రా నక్షత్రం మామూలుగా రోహిణికంటె ప్రకాశమానమైనది. 2019 చివరనుండి అది మసకబారసాగింది. 2020 ఫిబ్రవరి నాటికి తన కాంతిలో సగానికి పైగా కోల్పోయి, రోహిణి ముందు వెలవెలపోయింది. ఆ తార వెలిగ్రక్కిన ధూళి అడ్డుపడటం అందుకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చారు. ఈ వింతను చూడటానికి ఏ కటకమూ అక్కరలేకపోయింది. సాయంకాలం తల ఎత్తి, ఆ రెండు ఎర్రని తారలలో ఏది మిన్న అని పోల్చుకుంటే చాలు. అంతకుముందు ఆర్ద్ర ఎట్లా ఉండేదో ఎరిగినవానికే ఆ మార్పు తెలిసింది. తక్కినవారికి ఆకాశం ఎప్పటివలెనే ఉన్నది.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపం స్వల్పమైనది. నెలకు ఒక రాత్రి, అమావాస్యకు దగ్గరగా, తల్లిదండ్రుల అనుమతితో పిల్లలను బడి ఆవరణలో చేర్చండి. గంటసేపు దీపాలు ఆర్పించండి. ఒక్కొక్కరి చేత ఒక్కొక్క పుస్తకం పెట్టించండి. తేదీ, వేళ, ఆకాశస్థితి, చూసినది—ఈ నాలుగు గళ్లు చాలును. అరుంధతిని వెదకమనండి. కనిపించినవారు కనిపించినదని వ్రాస్తారు. కనిపించనివాడు కనిపించలేదని వ్రాస్తే అతనిని గద్దించకండి. ఆ రాత్రి శాస్త్రంలో మొదటి అక్షరం దిద్దినవాడు అతడే కావచ్చును.