తిన్నగా పరిగెత్తేవాడేనా ఆటగాడు?



పోయిన నెల మన కబడ్డీ టీముకి సెలక్షన్లు జరిగాయి. అందర్నీ వరసలో నిలబెట్టి 100 మీటర్ల పరుగు పెట్టారు. ముందొచ్చిన వాళ్ళని టీములోకి తీసుకున్నారు. మా రూములో ఉండే ఒక అబ్బాయి ఆ పరుగులో బాగా వెనకబడ్డాడు. కానీ సాయంత్రం ఆటలో వాడు కూతకొస్తే మనలో ఎంతమంది పట్టుకోగలిగాం? నిజం చెప్పండి. ఇప్పుడు వాడు గ్రౌండుకి రావడమే మానేశాడు. అడిగితే "నేను స్లో అంటగా" అన్నాడు. ఆ మాట రాత్రంతా నా బుర్రలో తిరిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ఒక్కటే. కబడ్డీకి మనిషిని ఎంచేటప్పుడు తిన్నటి పరుగు ఒక్కటే కొలిస్తే చాలదు. మలుపు కూడా కొలవాలి.

కోర్టు లెక్క చూడండి. మగవాళ్ళ కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్య గీత నుంచి చివరి గీత దాకా 6.5 మీటర్లే. కూతకెళ్ళినవాడు 30 సెకన్లలో లోపలికెళ్ళి, తాకి, గిరుక్కున తిరిగి రావాలి. ఆ కాస్త చోటులో 100 మీటర్ల వేగం ఎక్కడ పనికొస్తుంది? అక్కడ కావలసింది వేగంగా వచ్చి ఆగడం, ఒంటిని కిందికి దించడం, కాలు ఊని తిరగడం, మళ్ళీ ఎగరడం. కొండ వాలులో మేకల వెనకాల తిరిగిన మనకి ఇది కొంత అలవాటే. కానీ అలవాటుంది అని మనం అనుకుంటే సరిపోదు, కొలిచి చూపించాలి.

"మరైతే షటిల్ రన్ పెడితే సరిపోద్ది కదా" అని మా క్లాసువాడు అన్నాడు. మంచి మాటే. హకీంపేట స్పోర్ట్స్ స్కూలు 1993లో మొదలైంది. అక్కడ పిల్లల్ని చేర్చుకునే పరీక్షల్లో 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగులతో పాటు 6×10 మీటర్ల షటిల్ రన్ కూడా ఉంది. అంటే 10 మీటర్ల దూరంలో ఉన్న రెండు గీతల మధ్య ఆరుసార్లు పరిగెత్తాలి. మొత్తం 60 మీటర్లు, ఐదు మలుపులు. 100 మీటర్ల పరుగు కన్నా ఇది చాలా నయం.

కానీ ఇందులోనూ ఒక చిక్కుంది. షటిల్ సమయంలో తిన్నగా పరిగెత్తిన సమయమూ, మలుపు సమయమూ కలిసిపోయి ఉంటాయి. ఒక ఉదాహరణ అనుకుందాం. ఇద్దరు కుర్రాళ్ళు షటిల్ 16 సెకన్లలోనే ముగించారు. ఇద్దరూ సమానమే అనిపిస్తుంది. ఇప్పుడు అదే 60 మీటర్లు తిన్నగా పరిగెత్తించండి. మొదటివాడికి 8.6 సెకన్లు, రెండోవాడికి 9.4 సెకన్లు పట్టింది అనుకోండి. తీసివేస్తే మొదటివాడు మలుపుల దగ్గర 7.4 సెకన్లు పోగొట్టుకున్నాడు. రెండోవాడు పోగొట్టుకున్నది 6.6 సెకన్లే. అంటే రెండోవాడే బాగా తిరుగుతున్నాడు. వాడికి వేగం నేర్పాలి. మొదటివాడికి ఆగడం, తిరగడం నేర్పాలి. ఒకే మార్కు వచ్చిన ఇద్దరికీ మందు వేరు వేరు.

ఇది నా సొంత తెలివి కాదు. ఆస్ట్రేలియాలో 1985లోనే 505 అనే పరీక్ష వచ్చింది. ఆటగాడు 15 మీటర్లు పరిగెత్తి, గీత దగ్గర వెనక్కి తిరిగి, మళ్ళీ 5 మీటర్లు వస్తాడు. మలుపుకి ముందు 5, తర్వాత 5 మీటర్లకి మాత్రమే టైము చూస్తారు. క్రికెట్‌లో రెండో పరుగుకి తిరిగినట్టే. 2016లో సోఫియా నింఫియస్ అనే శాస్త్రవేత్త, ఆవిడతో పనిచేసేవాళ్ళు క్రికెట్ ఆటగాళ్ళని కొలిచి, 505 సమయంలోంచి 10 మీటర్ల తిన్నటి పరుగు సమయం తీసేయమన్నారు. అలా మిగిలిందే మలుపు ఖర్చు. తీసేయకపోతే వేగం ఉన్నవాడే మలుపులోనూ గొప్పవాడిలా కనిపిస్తాడని వాళ్ళు చూపించారు.

వాళ్ళ దగ్గర కరెంటు గేట్లు ఉంటాయి. మన దగ్గర ఉన్నది ఒక స్టాప్ వాచీ, టేపు, సున్నం. చేత్తో వాచీ నొక్కితే సెకనులో రెండు పదో వంతుల తేడా ఊరికే వస్తుంది. ఒక్క మలుపుకి ఆ తేడా చాలా పెద్దది. అందుకే మనకి ఐదు మలుపుల షటిలే నయం. తేడా సెకన్లలో కనిపిస్తుంది.

కొలిచేటప్పుడు కొన్ని పద్ధతులు పాటించాలి. వాచీ ఎప్పుడూ ఒకరే పట్టాలి. ఒక్కొక్కరికీ రెండు అవకాశాలివ్వాలి, మధ్యలో బాగా విశ్రాంతి ఇవ్వాలి. బూట్లు ఉంటే అందరికీ ఉండాలి, లేకపోతే అందరూ ఒట్టికాళ్ళతోనే పరిగెత్తాలి. మన గ్రౌండుది ఒండ్రుమట్టి. వాన పడితే జారుడుబండ, ఎండాకాలం నెర్రెలు. కాబట్టి నేల పొడిగా, సమంగా ఉన్నరోజే పెట్టాలి. ముందు ఒళ్ళు వేడెక్కించాలి. ఆగి తిరిగేటప్పుడే మోకాలి లోపలి లిగమెంటు తెగే ప్రమాదం ఎక్కువ. ఎడమకాలి మీద ఎలా తిరుగుతున్నాడు, కుడికాలి మీద ఎలా తిరుగుతున్నాడు అని కూడా చూడాలి. ఒకే వైపు తిరిగేవాణ్ణి ఎదుటి టీము రెండో కూతలోనే కనిపెట్టేస్తుంది.

ఇంకో మాట ఒప్పుకోవాలి. వేగంగా వచ్చేవాడికి ఆపుకోవడం కష్టం. వాలులో వచ్చే సైకిలు లాగే. అందుకని తీసివేసిన అంకె ఒక్కటే చూసి ఎవర్నీ తీసెయ్యకూడదు, మూడు అంకెలూ పక్కపక్కన రాసుకోవాలి. పైగా గీత దగ్గర తిరగడం వేరు, చెయ్యి చాచిన మనిషిని చూసి తిరగడం వేరు. ఎదుటివాడి కదలిక పసిగట్టడం వాచీకి అందదు. దానికి ఆటే ఆడించి చూడాలి.

"ఆట చూస్తే తెలిసిపోద్ది కదా, ఈ లెక్కలన్నీ ఎందుకు?" అని పెద్దవాళ్ళు అడగొచ్చు. కన్ను తెలిసినవాణ్ణే చూస్తుందండీ. అరిచేవాణ్ణి, పొడుగ్గా ఉన్నవాణ్ణి ముందు చూస్తుంది. కొత్తగా చేరి, మాట్లాడ్డానికి సిగ్గుపడి మూల నిలబడే కుర్రాణ్ణి చూడదు. వాడి తరఫున మాట్లాడేది ఆ అంకె ఒక్కటే. మూడు నెలల తర్వాత మళ్ళీ కొలిస్తే, బాగుపడ్డాడో లేదో వాడికే తెలుస్తుంది.

డ్రిల్లు మాస్టారిని తప్పు పట్టాలని ఇది రాయలేదు. ఇంతమందిని ఆయన ఒక్కరే చూడాలి, మాకు తెలుసు. సున్నం గీతలు మేమే గీస్తాం, లెక్కలు మేమే రాస్తాం. వచ్చే ఆదివారం ఒక్క గంట ఇప్పించండి చాలు. మా రూము అబ్బాయిని నేను పిలుచుకొస్తాను. అప్పుడు కూడా వాడు వెనకబడితే వాడే ఒప్పుకుంటాడు. కానీ స్లో అనేముందు వాడు ఎందులో స్లోనో చూడాలి కదా.

— 9వ తరగతి విద్యార్థి