గూట్లో మిగిలిన ఎర్రగోళీలు

మొన్న లింగాల ఘనపూర్ మండలంలో మా చుట్టాలింటికి పోయాను. గోడగూట్లో పసుపు డబ్బా పక్కన రెండు షీట్ల ఎర్రగోళీలు. ఒక్కటి కూడా తీసి లేదు. కోడలికి అయిదో నెల. "రక్తం గోళీలు బిడ్డా. ఆశక్క ఇచ్చిపోయింది. వేసుకుంటే వాంతికొస్తదని గూట్లె పెట్టింది" అన్నది అత్త.

తప్పు ఆ పిల్లదని నేననను. 'రక్తం పడతది' అన్న ఒక్క మాటతో మనం ఇన్నేళ్లూ సరిపెట్టాం. అది ఇనుము సంగతి. అదే గోళీలో ఉన్న ఫోలిక్ యాసిడ్ గురించి ఆమెకెవరు చెప్పారు?

కడుపులో బిడ్డ ఒక్క కణంతో మొదలవుతుంది. ఆ కణం రెండు కావాలంటే ముందు డీఎన్‌ఏకు నకలు తయారు కావాలి. మెలితిరిగిన నిచ్చెనలాంటి ఆ డీఎన్‌ఏ నడిమికి విచ్చుకుంటుంది. విడిపోయిన ఒక్కో పోగు మీద 'ఏ' అనే అక్షరం ఎదుట 'టీ', 'జీ' ఎదుట 'సీ' వచ్చి కూర్చుంటాయి. ఒక నిచ్చెన రెండవుతుంది. ప్రతిదాంట్లో ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. శాస్త్రవేత్తలు మెసెల్సన్, స్టాల్ 1958లో దీన్ని రుజువు చేశారు. మన ఒక్కో కణంలో దాదాపు 600 కోట్ల జతలు, వాటన్నిటికీ నకలు తీయడానికి సుమారు 8 గంటలు. ఆ 'టీ', అంటే థైమిన్, తయారు కావాలంటే ఫోలిక్ యాసిడ్ నుంచి వచ్చే ఫోలేటు కావాలి. అది చాలకపోతే కణం ఉబ్బుతుంది, విడిపోలేదు. సెకనుకు 20 లక్షల ఎర్రకణాలను పుట్టించే ఎముక మూలుగకు ఆ దెబ్బ ముందు తగులుతుంది.

ఈ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం. దాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే బృందం ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించి, దాని చోటు ఆక్రమించి నకలు పనిని ఆపేసే అమినోప్టెరిన్ అనే మందునూ తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి 1948లో ఫలితం ప్రకటించాడు: 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. డీఎన్‌ఏ రూపం లోకానికి తెలియడానికి అయిదేళ్ల ముందు మాట ఇది. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు.

నా బాధ ఇంకొకటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము కాబోయే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. నాలుగో నెలలో చేతికొచ్చే ఎర్రగోళీ ఆ పనికి అందదు. కొత్త దంపతుల పేర్లు ఆశక్కల రిజిస్టర్లో ఎలాగూ ఉంటాయి. పెళ్లయిన నెలలోనే ఫోలిక్ యాసిడ్ ఆ ఇంటికి చేరాలి.

ఎర్రగోళీని రాత్రి అన్నం తిన్నాక వేసుకొమ్మని, చాయ్‌తో మాత్రం వద్దని కోడలికి చెప్పాను. దొడ్డికి నల్లగా రావడం ఇనుము వల్లేనని, భయం లేదని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుంది.

"మా చెల్లెకు మాఘంల లగ్గం అక్కా. దానికి ఇప్పటిసంది ఇయ్యచ్చా?"

ఇయ్యచ్చన్నాను. ఎర్రవి కాకుండా ఒట్టి ఫోలిక్ యాసిడ్ గోళీలు వేరే ఉంటాయని, డాక్టరమ్మను అడగమని చెప్పాను.