చివరి ఇంటికి చేరినదే హెచ్చరిక

మన ఎలవూరునకు తూర్పున పులికాటు సరస్సు కలదు. దానిని మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచెడివారు. సరస్సున కావల శ్రీహరికోట దీవి, ఆ దీవి కావల బంగాళాఖాతము. పడమట నాగలాపురము, పిచ్చాటూరు ప్రాంతముల కొండలు. ఆ కొండలలో కురిసిన వాన అరణియారు నదియై ఊత్తుకోట, పొన్నేరి మీదుగా ప్రవహించి పళవేర్కాడు చెంత సరస్సును చేరును. కావున మన సీమకు తూర్పునుండి గాలియు, పడమటినుండి నీరును వచ్చును. కార్తీక మార్గశిర మాసములలో ఈ రెండును ఒక్కమారే వచ్చుటయు కలదు.

ఇట్టి చోట కాపురమున్న మనము, ప్రకృతి వైపరీత్యములను ముందుగా తెలిసికొను ఏర్పాట్లను గూర్చి యోచింపక తప్పదు. ఆకాశమున ఉపగ్రహములు, తీరమున రాడారులు, చేతిలో టెలిఫోనులు ఉన్న ఈ కాలమున యోచింపవలసినది ఇంకేమున్నదని కొందరడుగవచ్చును. ఉన్నదనియే నా మనవి. హెచ్చరిక పంపినంతమాత్రమున పని పూర్తికాదు. చివరి ఇంటిలోని అవ్వకు అది అర్థమై, ఆమె లేచి కదలిననాడే పూర్తియగును. సరిహద్దున నివసించు మనవంటి వారి విషయమున ఆ చివరి మెట్టుననే భాషయొక్క ప్రసక్తి వచ్చుచున్నది.

హెచ్చరికయొక్క విలువను మన తెలుగు తీరమే ఎక్కువ మూల్యము చెల్లించి నేర్చుకొనినది. 1864 నవంబరులో బందరును ఉప్పెన ముంచినప్పుడు మన దేశమున వాతావరణశాఖయే లేదు. అది 1875లో ఏర్పడినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు శాఖయు ఉన్నది, రేడియోయు ఉన్నది. హెచ్చరికలు వెలువడకపోలేదు. అయినను అవి లంకలలోని గుడిసెలకు చేరి జనమును కదలింపజాలకపోయెను. సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. పదుమూడేండ్లు గడచెను. 1990 మే 9వ తేదీన మరియొక ప్రచండమైన తుఫాను ఆ కృష్ణాతీరమునే తాకెను. ఈసారి లక్షలాది ప్రజలను ముందుగానే సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. అదియు చిన్న సంఖ్య కాదు. కాని ఈ రెండు సంఖ్యల నడుమనున్న వ్యత్యాసమంతయు సకాలమున చేరి, జనము నమ్మిన హెచ్చరికవలన దక్కిన ప్రాణములే.

మన పొరుగుననే మరియొక పాఠము కలదు. 2004 డిసెంబరు 26వ తేదీన, మన కాలమానము ప్రకారము ఉదయము సుమారు ఆరున్నర గంటలకు సుమత్రా దీవి చెంత సముద్రగర్భమున మహాభూకంపము సంభవించెను. దానివలన పుట్టిన అలలు తమిళనాటి తీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. రెండు గంటలనగా మన పాఠశాలలో మూడు తరగతుల కాలము. తీరమునుండి ఒక మైలు నడచిపోవుటకు అంతకాలము అక్కరలేదు. అయినను తమిళనాట సుమారు ఎనిమిదివేలమంది మరణించిరి. పసిఫిక్ మహాసముద్రమున 1949నుండియు ఇట్టి హెచ్చరిక కేంద్రము పనిచేయుచుండగా, హిందూ మహాసముద్రమున అట్టిది లేకపోయెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు, ఆ తరువాతనే, 2007లో, హైదరాబాదునందు ఇన్‌కాయిస్ సంస్థలో సునామి హెచ్చరిక కేంద్రమును నెలకొల్పిరి. అది నేడు రేయింబవళ్లు భూకంపములను, సముద్రమట్టమును పరిశీలించుచున్నది.

ఆనాడు యంత్రములు లేనిచోట కొందరిని కాపాడినదేమో విద్యార్థులు తెలిసికొనవలెను. పుదుచ్చేరి సమీపమున నల్లవాడు అను పల్లెకారుల గ్రామము కలదు. సింగపూరులో నున్న ఆ ఊరి యువకుడొకడు వార్త తెలిసినంతనే ఇంటికి టెలిఫోను చేసెను. సముద్రపు అలల ఎత్తును దినదినము చాటుటకై ఆ ఊరిలో అమర్చిన ధ్వనివర్ధకమున ఆ వార్తను వెంటనే చాటిరి. ఊరివారు పరుగున వెలికివచ్చి బ్రతికిరి. థాయిలాండు తీరమున పదేండ్ల ఆంగ్ల బాలిక టిల్లీ స్మిత్, సముద్రపు నీరు నురుగులు క్రక్కుచు అసహజముగా కదలుటను చూచి, కొలది దినముల క్రిందట భూగోళపాఠమున విన్నది జ్ఞప్తికి తెచ్చుకొని, తల్లిదండ్రులను, వారి మూలమున ఆ తీరముననున్న జనమును హెచ్చరించెను. సుమత్రాకు చేరువనున్న సిమెలూ దీవిలో సుమారు 78,000 మంది ఉండగా, ఆ అలలకు బలియైనవారు ఏడుగురు మాత్రమే. 1907లో వచ్చిన ఉప్పెనను వారు మరువలేదు. దానికి తమ భాషలో "స్మోంగ్" అని పేరిడి, కథలలోను జోలపాటలలోను చేర్చి, భూమి గట్టిగా కంపించి సముద్రము వెనుకకు పోయినచో కొండకు పరుగిడవలెనని తరతరములకు నేర్పిరి. ఆ ఉదయమున ఆ ఒక్కమాట చెవినిబడినంతనే జనము కొండ లెక్కిరి. తల్లిభాషలోని ఒక్కమాట అంత పనిచేసెను.

ఇక మన విషయమునకు వత్తము. మన సీమయందు హెచ్చరికలు చెన్నపట్టణమునుండి, జిల్లా కార్యాలయమునుండి తమిళమున వచ్చును. అది న్యాయమే. అది రాష్ట్ర భాష. మనలో పెక్కుమంది సంతలోను, కార్యాలయములలోను తమిళము చక్కగా మాటలాడుదురు. కాని సంతలో బేరమాడు తమిళము వేరు, వాతావరణ ప్రకటనల తమిళము వేరు. "కాట్రళుత్త తాళ్వు మండలమ్" అనగా మన వాయుగుండమని తెలిసిన వృద్ధు లెందరు? "ఉపరి నీర్" తెరచెదరని చాటినచో, ఉపరి శబ్దమును పై యను అర్థముననే ఎరిగిన తెలుగువాడు పైనుండి వచ్చు నీరనుకొనును. జలాశయమున నిలువ చేయగా మిగిలిన నీరని అతనికి తోపదు. "ఏరి" యనగా తమిళమున చెరువు. మనకు "ఏరు" అనగా నది. చెరువు గట్టున నున్నవాడు ఏటి సంగతి గదా యని నిశ్చింతగా నిద్రించినచో తప్పెవరిది? "వెళ్ళమ్" అనగా వరద, "వెల్లమ్" అనగా బెల్లము. పసివాని నోట ఈ రెండును ఒక్కటే యగును. ఇది నవ్వుకొనదగిన మాటయే గాని, అర్ధరాత్రి వానలో ధ్వనివర్ధకము గరగరలాడుచుండగా విన్నప్పుడు నవ్వు రాదు.

తెలుగున వచ్చిన ప్రకటనలు మాత్రము అందరికి సుబోధములా? అల్పపీడనము, వాయుగుండము, తుఫాను అను మాటలకు గాలి వేగమునుబట్టి ఖచ్చితమైన భేదము కలదు. గంటకు 31 కిలోమీటర్లు చేరిన వాయుగుండము. 62 చేరిన తుఫాను. 89 చేరిన తీవ్ర తుఫాను. ఎరుపు రంగు హెచ్చరికలో సూచించు అత్యంత భారీవర్షమనగా ఒక్కదినమున 20 సెంటీమీటర్లకు మించిన వాన. ఇవి చదువుకొనిన పిల్లలకు తెలియును. వారు చెప్పకున్న ఇంటిలోని పెద్దలకు తెలియవు. చెవిటివాని ముందు శంఖ మూదినట్లు కాకుండవలెనన్న, ఈ మాటలకు అర్థమును ఎండగా నున్న దినములలోనే చెప్పుకొనవలెను.

మన సీమకు మరియొక విశేషము కలదు. మనకు వచ్చు నీటికి సరిహద్దు లేదు. అరణియారునకు ఆంధ్రదేశమున పిచ్చాటూరువద్ద జలాశయము కలదు. కార్వేటినగరము ప్రాంతమున కృష్ణాపురము జలాశయమునుండి విడిచిన నీరు పళ్ళిపట్టు, తిరుత్తణి సీమలమీదుగా పూండి జలాశయమునకు వచ్చును. పైన తలుపు లెత్తినవారు తెలుగున మాటలాడుదురు. క్రింద గట్టును కాచువారు తమిళమున మాటలాడుదురు. అధికారులు ఒకరికొకరు వార్త నందించుకొనుచునే యున్నారు. అయినను ఆ వార్త ఏటి ఒడ్డు పల్లెకు చేరునప్పటికి రెండు రాష్ట్రములను, రెండు భాషలను దాటవలెను. గాలియు అట్లే. 1984 నవంబరులో తీవ్ర తుఫాను శ్రీహరికోట సమీపముననే తీరము దాటినది. 2023 డిసెంబరులో మిగ్‌జామ్ తుఫాను బాపట్ల చెంత తీరము దాటగా, అంతకు ముందే నీట మునిగినది చెన్నపట్టణము. తుఫాను బాపట్లకు పోవుచున్నదని విని మనకేమి భయమనుకొనరాదని ఆ సంవత్సరము నేర్పినది.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవచ్చును. మొదటిది: చేతి టెలిఫోనులకే హెచ్చరికలు వచ్చుచుండగా ఇంత ప్రయాస యేల? నిజమే. 2023లో దేశమంతట టెలిఫోనులు ఒక్కమారుగా మ్రోగునట్లు పరీక్షలు జరిపిరి. "సచేత్" అను అప్లికేషను పలు భారతీయ భాషలలో వార్త నిచ్చుచున్నది. కాని టెలిఫోను మ్రోగినంతనే దానిని నొక్కి ఆపి మరల నిద్రించువారిని మన ఇండ్లలోనే చూచుచున్నాము. కరెంటు పోయి, స్తంభములు కూలిన రాత్రి ఆ యంత్రమును మూగవోవును. రేవులలో ఓడలకై ఎగురవేయు తుఫాను సంకేతములు పదునొకండు కలవు. చిట్టచివరిదైన పదునొకండవ సంకేతము, వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినదని తెలుపును. వార్త తెగుటయే ఒక మహాప్రమాదమని ఓడలవారు గుర్తించిరి. గ్రామమువారమైన మనము గుర్తింపవలదా?

రెండవది: హెచ్చరిక వచ్చినను తుఫాను రాదు, ఎన్నిమారులు లేచిపోదుము? "నాన్నా, పులి" యను కథ అందరెరిగినదే. 2004 డిసెంబరు 30వ తేదీన మరల సునామి వచ్చునని హెచ్చరిక వెలువడగా తీరమంతయు పరుగిడెను, అల రాలేదు. 2012 ఏప్రిల్ 11వ తేదీన సుమత్రా చెంత మరల పెద్ద భూకంపము వచ్చినప్పుడు హైదరాబాదు కేంద్రము హెచ్చరిక నిచ్చి, సముద్రమట్టపు కొలతలు చూచి, కొన్ని గంటలలోనే దానిని ఉపసంహరించెను. మొదటిది కొలతలు లేని భయము. రెండవది కొలతలతో కూడిన జాగ్రత్త. ఆ కథలోని బాలుడు కావలెనని అబద్ధమాడెను. వాతావరణశాఖ అబద్ధమాడదు, తనకు తెలిసినంతవరకు చెప్పును. ఒక రాత్రి పాఠశాల వరండాలో పండుకొని తెల్లవారి ఇంటికి మరలివచ్చుట నష్టము కాదు.

కావున నా అభిప్రాయములను క్లుప్తముగా విన్నవించెదను. ప్రభుత్వమువారు తెలుగువారు నివసించు గ్రామములలో ధ్వనివర్ధకముల ద్వారా చాటునప్పుడు, తమిళముతోబాటు తెలుగున నాలుగు వాక్యములు చేర్చిన మేలు. ఇది తమిళమునకు పోటీ కాదు. తమిళమున "ఎచ్చరిక్కై" యన్నను, తెలుగున "హెచ్చరిక" యన్నను అక్కచెల్లెండ్ర వంటి మాటలే. ప్రాణము కాచుపనిలో అక్కచెల్లెండ్రిద్దరును కలిసి పాటుపడవలెను.

పాఠశాల అక్టోబరునుండి డిసెంబరువరకు వాకిట ఒక నల్లబల్ల నుంచి, ప్రతిదినము వాతావరణ ప్రకటనను రెండు భాషలలోను వ్రాయింపవచ్చును. ఏడాదికొకమారు, ఎండగా నున్న దినముననే, ఎవరు ఏ దారిని ఏ మెరకకు పోవలెనో నడిపించి చూపవచ్చును.

మిగిలినది విద్యార్థులారా, మీ వంతు. ఈ సీమలో రెండు భాషలను చదివి వ్రాయగలవారు మీరే. మీ అవ్వ తాతలకు రాని అక్షరములు మీకు వచ్చును. చెన్నపట్టణమున మాత్రమే చదివిన పిల్లలకు తెలియని మాటలు మీకు తెలియును. ఇంతకాలము సరిహద్దున పుట్టుటను ఒక లోటుగా తలచుకొంటిమి. వాన రాత్రి అదియే మన ఊరికి అండ యగును. ఒక్కొక్కరు మీ వీధిలో పది ఇండ్ల భారము వహింపుడు. అందు నడువలేనివారెవరో, చెవి వినరానివారెవరో, ఒంటరిగా నుండువారెవరో ఇప్పుడే తెలిసికొనుడు. ప్రకటన రాగానే పోయి తెలుగున చెప్పుడు. వాతావరణశాఖయో, జిల్లా అధికారులో చెప్పిన మాటనే చెప్పుడు, వదంతిని మోయకుడు. జిల్లా విపత్తు కార్యాలయమునకు 1077, రాష్ట్ర కార్యాలయమునకు 1070 అను టెలిఫోను సంఖ్యలను గోడపై వ్రాసి యుంచుడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లవాడు వచ్చి "అవ్వా, లెమ్ము, పోవలెను" అన్నప్పుడు, చిన్నవాడు, వానికేమి తెలియునని త్రోసివేయకుడు. థాయిలాండు తీరమున పదేండ్ల పిల్ల మాటను పెద్దలు విన్నందుననే బ్రతికిరి.

2027 నాటికి భూమిపై ప్రతి మనుష్యునికి ముందస్తు హెచ్చరిక అందవలెనని ఐక్యరాజ్యసమితి 2022లో సంకల్పించినది. ఆ ప్రతి మనుష్యునిలో ప్రళయకావేరి గట్టున గుడిసెలో నున్న మన అవ్వయు చేరును. ఆమెకు జెనీవానుండియో, ఢిల్లీనుండియో ఎవరును వచ్చి చెప్పరు. ఆమె భాషలో, ఆమె వాకిట, ఆమె మనుమడే చెప్పవలెను.