బెంచీమీది కుర్రాడు

ఈ వారం బాస్కెట్‌బాల్ గురించి రాస్తున్నానంటే మావారు కళ్ళజోడు పైకెత్తి నావంక ఎగాదిగా చూశారు. "ఆ బంతిని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా?" అన్నారు. పట్టుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఏడాదిన్నరగా నేనొక బాస్కెట్‌బాల్ జట్టుకు యజమానురాలిని. ఆటగాళ్ళకు గురువునూ నేనే, వాళ్ళ జీతాలు లెక్కచూసే గుమాస్తానూ నేనే. జట్టు ఉండేది మాత్రం కంప్యూటర్లో.

ఇదంతా మా మేనల్లుడి చలవ. కిందటేడు సంక్రాంతికి వచ్చినప్పుడు, నన్ను పరీక్ష పేపర్లమీంచి లేవదీసి, బజర్‌బీటర్ అనే యీ ఆట అంటగట్టి పోయాడు. 2007 నుంచీ ఉన్న ఆటట. గంట మోగేలోగా చేతిలోంచి వదిలిన బంతి, మోగిన తర్వాత బుట్టలో పడినా లెక్కకు వస్తుంది. అలాంటి వేటును ఆ పేరుతో పిలుస్తారు. ఇందులో మనం బంతి విసరనక్కర్లేదు. ఏ స్థానంలో ఎవరు దిగాలో, వాళ్ళు అలిసిపోతే ఎవరు రావాలో ముందుగా రాసిపెడితే చాలు. మ్యాచి దానంతటదే జరిగిపోతుంది. మనం గోళ్ళు కొరుక్కుంటూ చూడటమే.

మొదట్లో నేను చేసింది ఎవరైనా చేసేదే. గట్టివాళ్ళు అయిదుగుర్ని ఏరి ప్రతి మ్యాచికీ వాళ్ళనే దింపాను. గెలుస్తున్నాం గదా అని మురిసిపోతున్నాను. ఒకరోజు మావాడు ఫోను చేశాడు.

"అత్తయ్యా, నీ జట్టులో పద్ధెనిమిదేళ్ళ పొడుగు కుర్రాడు ఉండాలే, ఏమయ్యాడు?"

"ఏమవుతాడురా? బెంచీమీద ఉన్నాడు, భద్రంగా."

"భద్రంగా ఉంచటానికి వాడేమన్నా ఊరగాయా?"

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. శుక్రవారం శుక్రవారం ఆ ఆటలో శిక్షణ లెక్క తేలుతుంది. ఆ వారానికి ఏ విద్య నేర్పించాలో మనం ఒకటే ఎంచుకోవాలి. అది పాసు కావచ్చు, రిబౌండు కావచ్చు, బుట్టకింద నుంచి కొట్టడం కావచ్చు. ఆ విద్య అబ్బేది, దానికి సంబంధించిన స్థానంలో ఆ వారం నిజంగా ఆడినవాళ్ళకే. 48 నిమిషాలు, అంటే ఒక పూర్తి మ్యాచి ఆడితే నిండు ఫలం. తక్కువ ఆడితే ఆ మేరకు తక్కువ. బెంచీమీద కూర్చుని ఎంత శ్రద్ధగా చూసినా సున్న. అందులోనూ చిన్నవాళ్ళు త్వరగా నేర్చుకుంటారు, వయసు వచ్చినకొద్దీ నెమ్మదిస్తారు. అక్కడ ఏడాదంటే మన పద్నాలుగు వారాలు. నేను మురిసిపోతూ ఉండగానే కుర్రాడికి పంథొమ్మిది వచ్చేసింది.

ఇక లెక్క వేసుకున్నాను. వారానికి మూడు మ్యాచిలు. రెండు లీగువి, మూడోది కప్పుదో, మనం మరొకరితో మాట్లాడుకుని పెట్టుకునే స్నేహపు మ్యాచో. ఒక స్థానానికి మొత్తం 144 నిమిషాలు. అంటే ముగ్గురు కుర్రాళ్ళకు తలా 48. నాలుగోవాడికి చోటులేదు. రెండు స్థానాలకు కలిపి నేర్పే పద్ధతీ ఉంది. ఆరుగురు పడతారు గాని, ఒక్కొక్కడికి అబ్బేది తగ్గుతుంది. నెయ్యిగిన్నె అదే, పంక్తి పొడుగయింది, అంతే.

పోనీ ఒక్క కుర్రాణ్ణే మూడు మ్యాచిలూ ఆడిద్దామా అంటే 48 దాటిన నిమిషాలు శిక్షణకు పనికిరావు. పైగా అతిగా ఆడితే ఒంట్లో సత్తువ సడలి ఆట చెడుతుంది. బొత్తిగా ఆడకపోయినా చెడుతుంది. రాసిపెట్టటంలోనూ చిట్కాలున్నాయి. పేరు ఒక్క మొదటి గడిలో రాస్తే ఆ కుర్రాడు ముప్ఫయి నిమిషాలకే బయటికి వచ్చేస్తాడు. అంచేత మొదటి ఆటగాడి గడిలో, బదులు ఆటగాడి గడిలో, మూడోవాడి గడిలో కూడా అదే పేరు రాయాలి. అప్పుడు మార్చటానికి మనిషి ఉండడు. అయినా ఆరు ఫౌళ్ళు చేశాడంటే బయటే. ఈ కుర్రాళ్ళు ఫౌళ్ళు చెయ్యటంలో మాత్రం ఎవరికీ తీసిపోరు.

దీన్ని మించిన చిక్కు మరొకటి. మా పొడుగు కుర్రాడు పుట్టుకతో సెంటరు. బుట్టకింద నిలబడవలసినవాడు. కాని వాడికి పాసు చెయ్యటం, బంతిని అదుపులో పెట్టుకోవటం కూడా వస్తే ఎంత బాగుంటుందని నాకు దురాశ. ఆ విద్యలు రావాలంటే పాయింట్ గార్డుగా ఆడాలి. అది జట్టులో పొట్టివాళ్ళూ చురుకైనవాళ్ళూ నిలిచే చోటు. పొడుగువాళ్ళకు ఆ విద్యలు ఆలస్యంగా అబ్బుతాయి కూడా. వాణ్ణి అక్కడ నిలబెడితే బంతి చేజార్చుకుంటాడు, అవతలివాళ్ళు ఎగరేసుకుపోతారు. అంటే కుర్రాడికి పాఠం చెప్పటానికి జట్టు ఓడిపోవాలి.

ఇది కంప్యూటరువాళ్ళ చాదస్తమనుకునేరు. 1980 మే నెలలో లాస్ ఏంజలెస్ లేకర్స్ జట్టు ఫైనల్సు ఆరో ఆటకు ఫిలడెల్ఫియా వెళ్ళింది. సెంటరు కరీమ్ అబ్దుల్ జబ్బార్ చీలమండ బెణికి రాలేకపోయాడు. ఆయన చోట నిలబడినవాడు గార్డు మేజిక్ జాన్సన్, ఇరవై ఏళ్ళవాడు, ఆరడుగుల తొమ్మిదంగుళాలు. 42 పాయింట్లు చేసి, 15 రిబౌండ్లు పట్టి కప్పు తెచ్చాడు. అంత పొడుగువాణ్ణి "నువ్వు బుట్టకిందే ఉండరా" అని చిన్నప్పుడే అక్కడ పాతేసి ఉంటే ఆ రెండు విద్యలూ ఒక మనిషిలో ఉండేవా?

నాకు ఇంకా ఎక్కువగా గుర్తొచ్చేది జెర్మైన్ ఓనీల్. 1996లో హైస్కూలు నుంచి నేరుగా పోర్ట్‌లండ్ జట్టులోకి వచ్చాడు. నాలుగేళ్ళు ఎక్కువభాగం బెంచీమీదే గడిచింది. జట్టువాళ్ళను తప్పు పట్టటానికీ లేదు. వాళ్ళది కొమ్ములు తిరిగిన జట్టు. 2000లో పశ్చిమ విభాగపు ఫైనల్ ఏడో ఆటలో, చివరి పాదంలో 15 పాయింట్లు ముందుండి కూడా లేకర్స్ చేతిలో ఓడారు. అంత దగ్గరగా కప్పు కనిపిస్తుంటే కుర్రాడికి నేర్పుకుంటూ ఎవరు కూర్చుంటారు? ఆ వేసవిలోనే ఓనీల్‌ను ఇండియానాకు ఇచ్చేసి అనుభవశాలి డేల్ డేవిస్‌ను తెచ్చుకున్నారు. ఇండియానావాళ్ళు ఓనీల్‌ను ఆడించారు. 2002 నుంచి 2007 వరకు వరసగా ఆరుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు. ఆ మనిషి అదే, మారింది నిమిషాలు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా కాలేజి సంగతి ఒకటి గుచ్చుకుంది. వక్తృత్వపు పోటీలకు పిల్లల్ని తయారుచేసే బాధ్యత చాలాకాలం నాదే. షీల్డు తేవాలి గదా అని మూడేళ్ళు ఒకే అమ్మాయిని పంపించాను, తెచ్చింది. ఆమె వెంట అదనపు అభ్యర్థిగా ఒక కుర్రాడు వచ్చేవాడు. బాగా చదివేవాడు, ఆమెకు చీటీలు కూడా వాడే రాసిచ్చేవాడు. చివరి ఏడాది ఆమెకు జ్వరం వస్తే, "నువ్వు మాట్లాడు నాయనా" అన్నాను. "నాకు మాట్లాడటం రాదండి, మేడమ్" అన్నాడు. అందులో నిష్ఠురమేమీ లేదు. ఉన్నమాట చెప్పాడు, అంతే.

మళ్ళీ ఆట దగ్గరికి వస్తాను. పొడుగు కుర్రాడికి ఇరవై ఏళ్ళ నాటి మాట. సీజను ఆఖరి వారం. మొదటి లీగు మ్యాచిలో గార్డుగా దింపితే 31 నిమిషాలకే ఆరు ఫౌళ్ళు చేసి వచ్చి కూర్చున్నాడు. ఇంకా 17 నిమిషాలు కావాలి. స్నేహపు మ్యాచికి ఎవరితోనూ మాట్లాడుకోలేదు, నా మతిమరుపు. మిగిలింది రెండో లీగు మ్యాచి. అది ఓడితే మాది చివరి స్థానం, కింది లీగుకు దిగిపోతాం.

"ఒక్క వారమేగా అత్తయ్యా! పెద్ద గార్డునే ఆడించు. పదిహేడు నిమిషాలకోసం ఇల్లు ముంచుకుంటావా?" అన్నాడు మావాడు. వాడన్నది సబబే. బదులు ఆటగాడిగా రాస్తే ఆ 17 దొరుకుతాయన్న నమ్మకం కూడా లేదు. రాత్రి పదిగంటలదాకా ఆ గడులు చూస్తూ కూర్చున్నాను. చీటీలు రాసిచ్చిన కుర్రాడి ముఖం పోదే కళ్ళముందు నుంచి! మూడు గడుల్లోనూ పొడుగువాడి పేరే రాసి పడుకున్నాను.

నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. దిగిపోయాం. లెక్కప్రకారం చూస్తే నేను చేసింది శుద్ధ తప్పు. ఆ శుక్రవారం వాడికి పాసులో ఒక మెట్టు కూడా పెరగలేదు, మరి రెండు వారాలకు గాని పెరగలేదు. మావాడు ఇప్పటికీ దెప్పుతాడు.

వాడికిప్పుడు ఇరవైమూడు. మళ్ళీ పై లీగుకు వచ్చాం, వాడి చలవే. జీతం కూడా విద్యతోబాటే పెరిగింది. అమ్మెయ్యమంటాడు మా మేనల్లుడు, అమ్మబుద్ధి కావటంలేదు. నిన్న రాత్రి స్నేహపు మ్యాచికి పేర్లు రాస్తూ సెంటరు గడుల్లో అలవాటుగా మూడుసార్లూ వాడిపేరే రాశాను. తీరా చూస్తే జాబితా అడుగున, పోయిన సీజనులో చేరిన పద్ధెనిమిదేళ్ళవాడు ఒకడున్నాడు. మూడు వారాలుగా వాడి ఎదురుగా నిమిషాలు సున్న, సున్న, సున్న. వాడున్న సంగతే మరిచిపోయాను. మ్యాచికి ఇంకా వ్యవధి ఉంది గనుక, యీ కాగితం పోస్టుచేసి ముందా గడి మార్చాలి.