డెంటు తీసే చెయ్యికి సర్టిఫికెట్ ఏది?

జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఒక దిక్కు హైదరాబాద్‌కు, ఇంకో దిక్కు పూణెకు. లారీలు, బస్సులు, చెరుకు ట్రాక్టర్లు, కార్లు రాత్రింబగళ్లు నడిచే తొవ్వ. బండ్లు నడిచే కాడ గుద్దుకుంటయి. గుద్దుకున్న బండిని మళ్లీ బండిని చేసేదే టింకరింగ్ పని. సొట్ట తీసుడు, వెల్డింగ్ కొట్టుడు, లప్పం పెట్టి రుద్దుడు, రంగు కొట్టుడు. ఈ పని మన పిల్లలు నేర్చుకుంటున్నరా, నేర్చుకుంటే ఎట్ల నేర్చుకుంటున్నరు? ఈసారి మన వాడలు ఆలోచించాల్సిన సంగతి ఇది.

జహీరాబాద్‌కు బండ్ల పని కొత్త కాదు. 1980లలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ వాహనాల ఫ్యాక్టరీ వచ్చింది, తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది. ఇప్పుడు ట్రాక్టర్లు కూడా ఇక్కడే తయారవుతున్నయి. ఆపైన నిమ్జ్ పేరుతో న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,600 ఎకరాలు తీసుకోవాలని సర్కారు తలపెట్టింది. అందులో దళితుల అసైన్డ్ భూములు కూడా పోయినయి. మరి భూమి పోయిన ఇంటి పిల్లవానికి గేటు కాడ చూపించే పని ఏంది? ఊడ్చుడు, మోసుడు, కావలి కాసుడు. యంత్రం ముట్టే పని మాత్రం సర్టిఫికెట్ ఉన్నోనికే.

సర్టిఫికెట్ లేనోడు రోడ్డు పక్క షెడ్డుకు పోతడు. బడి మానిన పోరగాడు మొదట ఛాయ్ తెస్తడు, పానాలు అందిస్తడు, సాండ్ పేపర్‌తో రుద్దుతడు. ఏండ్లు గడిచినంక గాని ఉస్తాద్ సుత్తి చేతికియ్యడు. ఉస్తాద్ మనకు శత్రువు కాదు, చాలామంది పేద ముస్లింలే, వాళ్లూ అట్లనే దెబ్బలు తిని నేర్చుకున్నోళ్లే. కానీ ఇరవై ఏండ్లు చేసినా ఆ చెయ్యికి కాయితం లేదు. ఇంకో మాట. 1986 బాలకార్మిక చట్టం ప్రమాదకర పనుల పట్టికలో సొట్టలు కొట్టుడు, రంగు వేసుడు పేరు పెట్టి మరీ చేర్చిన్రు. 2016 సవరణతో పద్నాలుగేండ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టరాదు. షెడ్డులో ‘చోటూ’ అని పిలిపించుకునేటోని వయసెంతో తల్లిదండ్రులే అడగాలె.

పనిలో కులం ఎట్ల దూరుతదో బాబాసాహెబ్ ఎప్పుడో చూసిండు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాకు దళితుల్ని రానియ్యలేదు. దారం నోటితో తడపవలసి వస్తది, అంటు అవుతది అన్నరు. కూలి ఎక్కువ దొరికేది ఆ ఖాతాలోనే. అందుకే 1942లో వైస్రాయికి ఇచ్చిన విజ్ఞాపనలో అంబేద్కర్ చదువుల స్కాలర్‌షిప్పులతో పాటు, ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలకు అప్రెంటిస్ అవకాశం కావాలని అడిగిండు. మనం ఆఫీసు కుర్చీ గురించి మాట్లాడినంత వర్క్‌షాపు గురించి మాట్లాడలేదు.

మెల్లగ ఈ పని కూడా చేయి జారుతున్నది. ఇన్సూరెన్స్ ఉన్న కారు కంపెనీ వర్క్‌షాపుకు పోతది. షెడ్డుకు మిగిలేది ఆటోలు, పాత బండ్లు. ఇప్పటి కార్లలో వాడే గట్టి ఉక్కును గ్యాస్‌తో కాలిస్తే దాని బలం పోతది, మళ్లీ గుద్దుకుంటే లోపలి మనిషి మిగలడు. ఎయిర్‌బ్యాగ్ తీగలు తెలియకుండ ముట్టొద్దు. కరెంటు కారు బ్యాటరీ సంగతి తెలియకుండ చెయ్యి పెడితే ప్రాణమే పోతది. గట్టిపడే రంగుల్లో కలిపే ఐసోసయనేట్ ఊపిరితిత్తుల్ని పట్టి ఆస్తమా తెస్తది, ముక్కుకు కట్టుకున్న దస్తీ దాన్ని ఆపదు. ఇవన్నీ చెప్పేటోడు షెడ్డులో లేడు. మొన్న దళితబంధు (2021)లో పది లక్షలతో చాలామంది బండ్లే తీసుకున్నరు. ఆ బండికి సొట్ట పడితే పైసలు ఎవరి షెడ్డుకు పోయినయో లెక్క జూడుండ్రి.

తొవ్వ లేదా అంటే ఉన్నది. ఐటీఐలలో ఆటో బాడీ రిపేర్, ఆటో బాడీ పెయింటింగ్ అని రెండు ట్రేడులు ఉన్నయి, ఒక్కొక్కటి ఏడాది చదువు. వెల్డర్ ట్రేడుకు ఎనిమిది పాసైనా చాలు. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలు శిక్షణ ఇయ్యాలె, అందులో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించాలని ఆ చట్టంలోనే ఉన్నది. ముందే పని వచ్చినోళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో పెట్టిన్రు. అంటే నలభై ఏండ్ల టింకర్ అన్నకు కూడా కాయితం రావొచ్చు.

కాబట్టి మన సంఘాలు మూడు ప్రశ్నలు పట్టుకుని కలెక్టరు కాడికి పోవాలె. మన దగ్గరి ఐటీఐలలో ఈ ట్రేడులు ఉన్నయా, లేకుంటే ఎప్పుడు పెడతరు? ఇక్కడి ఫ్యాక్టరీలు ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకున్నయి, అందులో మనోళ్లు ఎందరు? భూమి పోయిన కుటుంబాలకు ఎన్ని సీట్లు?

ఆడపిల్లలకేంది ఈ పని అనేటోళ్లకు ఒక మాట. మాచ్నూరులో 2008 నుంచి సంఘం రేడియోను నడిపింది మన దళిత మహిళలే. మైకు పట్టిన చెయ్యి రంగు గన్ను పట్టలేదా?

పదో తరగతి ఫలితాల తర్వాత ఐటీఐ అడ్మిషన్ల ప్రకటన వస్తది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు ఇప్పుడే మీసేవలో దరఖాస్తు పెట్టుండ్రి. బడి నుంచి టీసీ తీసుకుని దగ్గర పెట్టుకోండి. ఫారం నింపరాకపోతే వాడలో చదువుకున్న పిల్లల్ని కూసోబెట్టి నింపించుండ్రి, దళారికి పైసలియ్యకుండ్రి.